కాగితం కప్పులో పెద్దమనిషి

2020లో లాక్‌డౌన్ సడలించాక మైపాడు బీచి దగ్గర మేం తాగే టీకొట్టు మళ్లీ తెరిచారు. లోకాన్ని బాగుచేసే పని నా నెత్తినే ఉందనుకునే రోజులవి. కొట్టాయన గాజుగ్లాసులన్నీ ఒకే బకెట్టు నీళ్లలో ముంచి తీస్తుంటే ఊరుకోలేకపోయాను. "అన్నా, ఇవి తీసెయ్. ప్లాస్టిక్ కప్పులు మాత్రం వద్దు, పోయి సముద్రంలో పడతాయి. కాగితం కప్పులు పెట్టు, మట్టిలో కలిసిపోతాయి" అని ఉపన్యాసం దంచాను. చదువుకున్నవాడి మాట గదా అని పాపం మార్చేశాడు. మొదటి వంద కప్పులు నెల్లూరు నుంచి నేనే తెచ్చిచ్చాను కూడా.

అక్కడితో ఆగినా బాగుండేది. వాడి పారేసిన కప్పులు ఏరుకొచ్చి, మా పెరట్లో నిమ్మచెట్టు పక్కన గుంట తీసి పూడ్చేవాణ్ణి, ఎరువవుతుందని. ఇంటికొచ్చిన చుట్టాలకు ఆ గుంటను గుడి చూపించినట్టు చూపించేవాణ్ణి.

2021 నవంబరులో పెన్న పొంగిన వానలు తగ్గాక, ఎరువు తీద్దామని తవ్వాను. కాగితం నిజంగానే మట్టైపోయింది. పారకు మాత్రం ఏదో చుట్టుకుంది. లాగి, కడిగి, వెలుతురుకు పట్టుకుంటే ఉల్లిపొర లాంటి పొర. అంచు, అడుగు, కప్పు ఆకారం అంతా అలాగే ఉంది. గుంట నిండా అవే, పాము కుబుసాలు పోగేసినట్టు. అక్కడే గొంతుక్కూర్చున్నాను. వాననీళ్లలో వదిలిన కాగితం పడవ ఎంతసేపు నిలుస్తుందో తెలియనివాణ్ణా నేను? మరుగుతున్న టీని కాగితం ఎలా ఆపుతోందని ఏడాదిపాటు తట్టలేదే!

ఆ తర్వాత చదివాను. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లోనే తేల్చారట: ఇలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు పావుగంట ఉంచితే ఆ పొర నుంచి సుమారు 25,000 మైక్రోప్లాస్టిక్ రేణువులు ఊడి వస్తాయి. నేనేమో కబుర్లలో పడి టీ చల్లారేదాకా పట్టుకు కూర్చునే రకం. ప్లాస్టిక్ సముద్రంలోకి, అక్కణ్ణుంచి చేపలోకి, పులుసులోకి, మనలోకి వస్తుందని ఊరంతా భయపెట్టిన నాకు, అంత చుట్టుదారి అక్కర్లేదని అప్పుడు తెలిసింది.

మర్నాడే వెళ్లి కొట్టాయనకు చెప్పానా? లేదు. పరువు అడ్డొచ్చింది. మీరైతే చెప్పేవాళ్లమంటారా? ఏమో, నాకు నమ్మకం లేదు. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ ఉందని చదివాను. అయినా కప్పులోనే తాగాను. 2024లో ఇటలీ వైద్యులు మెడ ధమనుల్లోంచి తీసిన కొవ్వు పూడికను పరీక్షించారు. అందులో ప్లాస్టిక్ ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు దాదాపు నాలుగున్నర రెట్లు కనబడింది. ప్లాస్టికే కారణమని వాళ్లూ తేల్చలేదు. నాకు మాత్రం ఆ రాత్రంతా మెడ లాగుతూనే ఉంది.

తెల్లారి కొట్టుకు పోయి, "అన్నా, మళ్లీ గ్లాసులే పెట్టు" అన్నాను.

"ఇంక యాడుండాయి సార్? మీరు వద్దన్నారని అప్పుడే పాత సామాన్లోడికి ఏసేస్తిని గదా!" అంటూ కాగితం కప్పులో టీ పోసి చేతికిచ్చాడు.

పావుగంట లెక్క గుర్తొచ్చి గబగబా తాగేశాను. నాలుక కాలింది.