నెల్లూరు కోసం డీజిల్

మద్రాసులో మూడు లక్షల లోపు సెకండ్ హ్యాండ్ కారు చూద్దామనుకున్న తెలుగువాడికి మొదటి సలహా ఊరినుంచే వస్తుంది. "డీజిల్ తీసుకో బావా, నెల్లూరు వచ్చిపోవడానికి హాయిగా ఉంటుంది" అన్నాడు మా బావమరిది. నెల్లూరు 175 కిలోమీటర్లు. మేం వెళ్ళేది సంక్రాంతికీ, తప్పనిసరి పెళ్ళిళ్ళకీ. తక్కిన ఏడాదంతా ఆ బండి చెయ్యాల్సిన చాకిరీ నంగనల్లూరు నుంచి గిండీ దాకా, ఏసీ వేసుకుని, రెండో గేరు దాటకుండా. కారు బేరమాడేటప్పుడు మాత్రం కళ్ళ ముందు తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట వరసగా కదుల్తాయి.

డీజిల్ మోజు ఊరికే పుట్టలేదు. 2010 జూన్‌లో పెట్రోలు ధరమీద అదుపు వదిలేసిన కేంద్రం, డీజిల్‌ని 2014 అక్టోబరు దాకా పట్టుకునే కూచుంది. 2012 మే చివర్లో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు, డీజిల్ 41. జనం ఎగబడ్డారంటే ఎగబడరా మరి! మారుతి స్విఫ్ట్‌లోని 1248 సీసీ డీజిల్ ఇంజిను పుట్టిల్లు ఫియట్. అదే ఇంజిను ఇండికా విస్టాలోనూ పుంటోలోనూ కాపరం చేసింది. ఫోర్డ్ ఫిగో డీజిల్ ఇక్కడే, మరైమలై నగర్‌లో తయారయ్యేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతి డీజిల్‌కి దణ్ణం పెట్టేసింది. ఆ తర్వాత ఫోర్డ్ మన దేశంలోని కార్ల ఫ్యాక్టరీలే మూసేసింది.

ఇప్పుడా తేడా ఏది? 2024 మార్చి తగ్గింపు తర్వాత చెన్నైలో పెట్రోలు 100.75, డీజిల్ 92.34 అయ్యాయి. నెలకి 600 కిలోమీటర్లు తిరిగే మనిషికి ఊళ్ళో పెట్రోలు 14, డీజిల్ 18 మైలేజీ ఇస్తాయనుకుందాం. డీజిల్ వల్ల నెలకి మిగిలేది 1,240 రూపాయలు. మంచి డబ్బే. ఇంజెక్టర్లో టర్బోనో ఒక్కసారి మొరాయిస్తే ఏడాది మిగులూ మెకానిక్ ఖాతాలోకి పోతుంది.

నాకు అసలు అనుమానం మైలేజీ మీద కాదు, మీటరు మీద. "పన్నెండేళ్ళ డీజిల్ సార్, 58 వేలే తిరిగింది, డాక్టరు గారి బండి" అంటాడు బ్రోకరు. (ఈ డాక్టర్లంతా ఏం తోచక కార్లు కొన్నారో ఏమో!) ఆ రోజుల్లో లక్ష దాకా ఎక్కువ పోసి డీజిల్ కొన్నవాడు దాన్ని షెడ్డులో పెట్టి పూజ చెయ్యడానికి కొనలేదు. లక్షన్నర తిరిగిందని నిజం చెప్పి, సర్వీసు బిల్లులు చూపించేవాడే నాకు నయం.

పొద్దున్నే చెప్పకుండా వెళ్ళి ముందు బానెట్ మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉందంటే మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, చల్లటి ఇంజిను గొణుగుడు మన చెవిన పడకుండా. ఇంజిను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తిప్పి, తియ్యకుండా అలాగే వదిలి చూడాలి. అది టపటపా ఎగిరి పడుతూ కిందనుంచి పొగ చిమ్మితే లోపల రింగులు అరిగాయని అనుమానించాలి. ఆయిల్ నల్లగా ఉందని మాత్రం కంగారు పడనక్కర్లేదు, డీజిల్లో కొత్త ఆయిలూ త్వరగానే నల్లబడుతుంది. తర్వాత సీటు బెల్టు చివరిదాకా లాగాలి. 2015 డిసెంబరులోనో 2023 మిగ్‌జాం తుపానులోనో నీళ్ళలో మునిగిన బండి అయితే అక్కడ బురద చార కనపడొచ్చు. వానలొస్తున్నాయంటే వేళచ్చేరి వాళ్ళు కార్లని ఫ్లైఓవరెక్కించేది అందుకే. ఈ పరీక్ష పెట్రోలు బండికీ తప్పదు.

నేను పెట్రోలు వైపే మొగ్గాను. బావమరిది ఊరుకున్నాడా? "ఇప్పుడు పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు, పాత బండికి పడుతుందా?" అని కొత్త పేచీ ఎత్తాడు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. మైలేజీ కొంత తగ్గుతుంది, పాత రబ్బరు పైపుల మీద ఓ కన్నేసి ఉంచాలి. పైపులకయ్యే ఖర్చు ఇంజెక్టర్లకయ్యేంత ఉండదని చెప్పాను. సంక్రాంతికి రైలు టికెట్లు దొరకవు కదా అని వాడు మళ్ళీ నెల్లూరు దగ్గరికే వచ్చాడు.