బోర్డు మారేలోపు

30 ఆగస్టు 2019

సాయంత్రం టీవీలో ఆర్థికమంత్రి. పది ప్రభుత్వ బ్యాంకులు నాలుగవుతాయి. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు, రెండూ యూనియన్ బ్యాంకులోకి. రాత్రి వరసగా ఫోన్లు, అన్నీ బ్రాంచి మేనేజర్లవే. "రేపు పొద్దున స్టాఫుకి ఏం చెప్పమంటారు సార్?"

31 ఆగస్టు

అయిదో శనివారం. బ్యాంకు ఉంది. విలీనానికి నిరసనగా నల్ల బ్యాడ్జీలు. క్యాష్ కౌంటర్లో డబ్బు లెక్క మాత్రం ఎప్పటిలాగే.

సెప్టెంబరు, గుంటూరు

శిక్షణకు వచ్చిన మేనేజర్లతో కూర్చున్నా. ఒక్కొక్కరికీ ఒక తెల్లకాగితం. మధ్యలో గీత. ఎడమపక్క తెలిసినవి, కుడిపక్క తెలియనివి. ఎడమపక్క ఒక్క ముక్కే వచ్చింది: ఉద్యోగాలు పోవని మంత్రి అన్నారు. కుడిపక్క నిండిపోయింది. బదిలీలు. సీనియారిటీ. ప్రమోషన్లు. పిల్లల బడి అని ఒకావిడ రాశారు.

కాగితాన్ని అలాగే తీసుకెళ్లి స్టాఫుకు చూపించమన్నా.

"తెలీదని చెబితే మన మాట ఎవరు వింటారు సార్?"

తెలిసినట్టు చెప్పి, వారం తిరక్కుండా మాట మార్చిన మేనేజర్లను చూశాను. వాళ్ల మాట ఎవరూ వినలేదు.

భోజనాల దగ్గర తెలిసింది. స్టాఫు సంగతి సరే, వీళ్లను ఎలా ఉన్నారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం పాఠం మానేశా. వాళ్లు మాట్లాడారు. అయిదయింది.

20 నవంబరు

ఆంధ్రా బ్యాంకు వ్యవస్థాపక దినం. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన బ్యాంకు. ఒక బ్రాంచిలో ఆయన ఫొటోకి దండ వేశారు. మేనేజరు మాట్లాడటానికి లేచి, మాట రాక, లడ్డూలు పంచారు. సబ్‌స్టాఫు పెద్దాయన ముప్పై ఏళ్ల నాటి కథ ఎత్తుకున్నాడు. ఎవరూ ఆపలేదు. ఆపకూడదు. విలీనంతో వచ్చే లాభాల మాట ఆ పూట ఎత్తనందుకు ఆ మేనేజరు మీద గౌరవం పెరిగింది.

1 ఏప్రిల్ 2020

విలీనం. లాక్‌డౌన్. సభ లేదు, దండలు లేవు. మాస్కులు కట్టుకుని కౌంటర్లు తెరిచారు.

ఆ ఏడాది చివర, ఒక పెద్ద బ్రాంచి

ఈ-ఏబీ, ఈ-సీబీ, ఈ-యూబీఐ. ‘ఈ’ అంటే ఎర్స్ట్‌వైల్, పూర్వపు; తర్వాతి అక్షరాలు ఆంధ్రా, కార్పొరేషన్, యూనియన్ బ్యాంకులు. మనుషుల్ని ఇలాగే పిలుచుకుంటున్నారు. "ఆ ఈ-సీబీ ఆవిణ్ణి అడగండి." మేనేజరు విని, ఆవిణ్ణి పేరుతో పిలిచి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. ఉడుపి నుంచి వచ్చిన ఆవిడ. బంగారం లోన్ల పనిలో దిట్ట. సాయంత్రానికి అందరూ పేరుతోనే.

మార్చి 2021

నెలాఖరుతో ఆంధ్రా బ్యాంకు పాత ఐఎఫ్‌ఎస్‌సి కోడ్ చెల్లదు. ఒక మేనేజరు అట్టముక్క మీద స్కెచ్‌పెన్‌తో రాసి గుమ్మంలో కట్టారు. పైన పెద్ద అక్షరాలు: మీ ఖాతా నంబరు మారలేదు. కింద: ఏఎన్‌డీబీ బదులు ఇక యూబీఐఎన్. మారనిది ముందు రాశారు. నేను చెప్పింది కాదు, ఆయనకే తట్టింది. ఇకనుంచి అందరికీ ఇదే చెబుతా.

ఒక ముసలమ్మ పాస్‌బుక్ చాపి, "నా డబ్బు ఇక్కడే ఉంటది గదా బాబూ?"

"ఇక్కడేనమ్మా. నేనూ ఇక్కడే."

జూన్

ఆ మేనేజరుకే బదిలీ. ఫోన్ చేశారు. ఆర్డరు వాట్సాప్ గ్రూపులో పడకముందే స్టాఫును పిలిచి తనే చెప్పారట. ఎవరొస్తారని అడిగితే, తెలీదనే చెప్పారట.