వాడిన నీరు – తీరని ఋణం

వేములపల్లిలో పుట్టి పెరిగిన మాకు నీరనగానే స్ఫురించేది సాగర్ ఎడమ కాలువయే. 1967లో ఆ కాలువకు నీరు వదలిన పిమ్మట మెట్టనేలలు వరిమడులైన వృత్తాంతాన్ని మా పెద్దలు మురిపెంగా చెప్పేవారు. అయితే మన ప్రాంతం గుండా మరొక నీరు కూడ ప్రవహిస్తున్నది. దాని మాట వస్తే మనం ముక్కు మూసుకుంటాం. అదియే మూసీ.

అనంతగిరి కొండలలో పుట్టిన ఈ నది హైదరాబాదు దాటేసరికి నగరం వాడి వదిలిన నీటిని మోయవలసి వస్తున్నది. దిగువన రైతులు దానితో పారాగడ్డి, వరి పండిస్తున్నారు. 1963లో పూర్తయిన సూర్యాపేట చెంతనున్న మూసీ ప్రాజెక్టులోనికీ ఆ నీరు చేరుతుంది. తుదకు వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. వేసవిలోనూ ఎండని ఈ ప్రవాహం రైతుకు ఆధారం. అందులోని నత్రజని, భాస్వరం పైరుకు బలం. కాని ఆ బురదలో దిగి నాట్లు వేసే కూలితల్లికి కొంకిపురుగుల బెడద, ఒంటి దురద కూడ దక్కుతున్నవి. పంట అందరిదీ, రోగం ఆమె ఒక్కతెదీ కావడం ఏపాటి న్యాయం?

నదికి అడ్డంగా పూర్వులు కట్టిన కత్వల వెనుక నీరు నిలిచి, మడ్డి అడుగుకు దిగుతుంది. అందుచే దిగువకు సాగినకొద్ది క్రిములు తగ్గుతున్నట్లు పరిశోధకులు కనుగొన్నారు. శుద్ధి కేంద్రాలలో జరిగేదీ ఇంచుమించు ఇదే: చెత్తను వడగట్టి, మడ్డిని తేర్చి, గాలి సోకించి, మేలుచేసే సూక్ష్మజీవులచే మాలిన్యాన్ని తినిపిస్తారు. అంబర్‌పేట కేంద్రం రోజుకు 339 మిలియన్ లీటర్లను శుద్ధి చేయగలదు. తేరిన మడ్డిని బాగుగా మాగబెడితే ఆ వేడికి పురుగుల గుడ్లు నశించి, అది చేనికి ఎరువవుతుంది. అయితే ఫ్యాక్టరీల నుండి వచ్చిన సీసం, కాడ్మియం ఏ వేడికీ నశించవు. కావున అట్టి వ్యర్థాలను మురుగులో కలవకముందే వేరు చేయాలి.

మా ఇండ్లలో వజూ నీరు పాకమా, నాపాకమా అను విచారణ బాల్యం నుండియే వింటాము. 1978లో సౌదీ అరేబియా ఉలమాల మండలి, మురుగునీరు రంగు, రుచి, వాసనల దోషం పోయి పూర్తిగా శుద్ధమైతే తిరిగి పాకమేనని తెలిపింది. దోషం నీటి పూర్వచరిత్రలో లేదు. శుద్ధి చేయకుండ వదలడంలో ఉన్నది. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాగునీటికి ఒక కొలత పెట్టింది: లీటరుకు పురుగు గుడ్డు ఒకటికి మించరాదు. అసహ్యంతో గాని నమ్మకంతో గాని తేలని సంగతి ఇట్టి కొలతతో తేలుతుంది.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లు, మునిసిపల్ అధికారులు, వ్యవసాయాధికారులు కాగలరు. శుద్ధిజలం పొలాలకు మళ్ళించే కాగితం మీ ముందుకు వచ్చిన నాడు, ఎన్ని ఎకరాలు తడుస్తాయని అడగండి; ఆ మడిలో దిగేదెవరు, నీటిని పరీక్షించినదెవరు అనికూడ అడగండి. సంతకం ఆ తరువాతనే చేయండి.