ఇసుకలో నేర్చిన పాఠము

పరీక్ష తప్పిన యొక బాలుని మేము తొందరపడి కఠినముగా మందలించితిమి. ఆ రాత్రి, బీచ్ సాకరు వీరుడగు మాజెరు చరిత్రము జ్ఞప్తికి రాగా సిగ్గుపడితిమి.

పక్షమున కైదుగురు ఇసుకపై వట్టికాళ్లతో నాడు కాలిబంతియాట యిది. లువాండాలో జన్మించిన మాజెరు పోర్చుగల్ పక్షమున నాడెను. 2005లో రియో డి జనీరోలో జరిగిన తొలి ఫీఫా ప్రపంచపోటీలో నందరికంటె నెక్కువగా 12 గోల్సు చేసెను. అయినను తుదియాటలో కాంటనా నడిపిన ఫ్రాన్సు గెలిచెను. మరుసటియేట 21 గోల్సు చేసినను ఆ కప్పు దక్కలేదు. 2015లో ఎస్పిన్యో తీరమున, ముప్పదియెనిమిదేండ్ల ప్రాయమున, నాయకుడై దానిని సాధించెను.

అతడు పదేండ్లు ఓర్చెను. మేము పసివానికి ఒక్క యేడైన నీయమైతిమి. మరునాడు వానిని చెంత కూర్చుండబెట్టుకొని పాఠము మరల మొదలిడితిమి.