క్లచ్ కాదు, గొట్టం!

మొన్న ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో గ్రీన్ సిగ్నల్ పడింది. కాలు తీశాను. క్లచ్ పెడల్ పైకి రాదే! ఇంజిన్ అరుస్తోంది, బండి కదలట్లేదు. వెనక హారన్ల మోత.

"ఇక అమ్మేద్దాంలేరా" అన్నారు పక్క సీట్లోంచి నాన్న. ఆ పాత స్పోర్ట్స్ కారు ఆయన ఇష్టపడి కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు.

ఒక షాపులో గేర్‌బాక్స్ దించాలన్నారు. నేనేమో వీడియోలు చూసి, మాస్టర్ సిలిండరే పోయిందని తేల్చేసి కొత్తది ఆర్డర్ పెట్టేశా.

ముషీరాబాద్‌లో పాత బండ్లు చూసే చాచా ముందు ఏదీ మార్చలేదు. నాతో పెడల్ తొక్కించి, పైన మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేశాడు. చుక్క కారింది గానీ క్లచ్ కదల్లేదు. కింద స్లేవ్ సిలిండర్ బ్లీడర్ విప్పగానే ఆయిల్ చిమ్మింది, క్లచ్ వెనక్కొచ్చేసింది.

"నడుమల రబ్బరు గొట్టం లోపల ఉబ్బింది బేటా. తొక్కితే ఆయిల్ పోతది, వదిలితే వాపస్ రాదు."

ఆఫీసులో బగ్ కోసం నేను రోజూ చేసేది ఇదే! సొంత బండి దగ్గర మాత్రం గుర్తు రాలేదు.

గొట్టం మార్చి, కొత్త డాట్ 3 ఆయిల్ పోసి, గాలి తీశాడు. ఆ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. కొత్తప్పుడు 205 డిగ్రీల దాకా మరగనిది, తడి చేరాక 140కే మరగొచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్చేయాలి.

ఆదివారం ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి మీద నాన్నే నడిపారు. దిగాక తాళాలు తన జేబులోనే వేసుకున్నారు.