లంబసింగిలో రెండు లైట్ల చార్జింగ్

లంబసింగి వెళ్తున్నానంటే ఇంట్లో అందరూ అడిగింది ఒకటే: స్వెటర్ పెట్టుకున్నావా, మంకీ క్యాప్ పెట్టుకున్నావా? చార్జింగ్ సంగతి మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకూ గుర్తు రాలేదు.

విశాఖ నుంచి నర్సీపట్నం మీదుగా బైక్ మీద బయల్దేరాం, నేనూ మా బావా. డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే చలి జాకెట్‌లోకి దూరడం మొదలెట్టింది. ఇప్పుడు మనం సెల్ఫీలు దిగే ఈ దారికి పెద్ద కథే ఉంది. ఇక్కడ రోడ్డు పనికి గిరిజనుల చేత చాకిరీ చేయించుకుని సరైన కూలి ఇవ్వకపోవడం 1922లో అల్లూరి పోరాటానికి ఒక కారణం. పైకెళ్తే సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో లంబసింగి. ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారట, అందుకే ఆ పేరు అంటారు.

సరే, నా బాధ వేరే. డిగ్రీ అయి రెండేళ్లు. ఇన్నాళ్లకి ఒక కంపెనీలో రెండో రౌండ్ దాకా వెళ్లా. వాళ్లిచ్చిన కోడింగ్ అసైన్‌మెంట్ ఉదయం ఆరింటికల్లా పంపాలి. రెండు గంటల పని మిగిలింది. బావ టెంట్ ముందే బుక్ చేసేశాడు కదా, అక్కడే చేసుకుందాంలే అనుకున్నా. టెంట్ల దగ్గర కరెంట్ జనరేటర్ మీద. రాత్రి పదింటికి టప్పున ఆపేశారు. ల్యాప్‌టాప్‌లో 11 శాతం.

‘‘నా పవర్ బ్యాంక్ ఉందిగా, పెట్టుకోరా’’ అన్నాడు బావ. పెట్టా. చార్జింగ్ గుర్తు కూడా పడలేదు. తీసి మళ్లీ పెట్టా. అంతే. ఆ చలిలో నాకు చెమట పట్టింది.

పక్క టెంట్‌లో రాజమండ్రి కుర్రాడు కెమెరా సర్దుకుంటున్నాడు. మా గోల విని వచ్చాడు. ‘‘అది ఫోన్లకేనండీ, ల్యాప్‌టాప్‌కి చాలదు. కేబుల్ చూడండి, ఒక కొస పాత యూఎస్‌బీ. రెండు కొసలూ టైప్-సీ ఉండాలండీ.’’

అప్పుడు తెలిసింది. మామూలు ఫోన్‌కి 5 వోల్టులు చాలు. చాలా ల్యాప్‌టాప్‌లు 20 వోల్టులు అడుగుతాయి. పవర్ డెలివరీ అంటే పీడీ ఉన్న పవర్ బ్యాంక్ అయితేనే, నీకెంత కావాలి, నేనెంత ఇవ్వగలను అని రెండూ మాట్లాడుకుని కరెంట్ ఇస్తాయి. లేదంటే మన దాంట్లా మొహం తిప్పేసుకుంటాయి.

అతని పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్, 65 వాట్లు. జాకెట్ లోపలి జేబులోంచి తీశాడు, గోరువెచ్చగా ఉంది. ‘‘చలికి బ్యాటరీ డీలా పడిపోద్దండి, అందుకే ఒంటికి ఆనించి పెట్టుకుంటా. చార్జింగ్ అయ్యేటప్పుడు మాత్రం దుప్పటి కప్పకండి, వేడెక్కుద్ది.’’ దాని మీద నాలుగు లైట్లు. పొద్దున చెరువులవేనంలో మంచు టైమ్‌ల్యాప్ తీయాలి, కెమెరాకి అదే ఆధారం. కాసేపు ఆలోచించి అన్నాడు: ‘‘రెండు లైట్లు మీవి, రెండు నావి. సరేనాండీ?’’

లెక్క వేసుకున్నా. 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో లెక్కిస్తే 74 వాట్-అవర్లు. అందులో సగం 37. వోల్టేజీ మార్పులో కొంత వేడిగా పోతుంది, చేతికి 30 వస్తే గొప్ప. నా ల్యాప్‌టాప్ గంటకి 15 దాకా తాగుతుంది. అంటే సరిగ్గా రెండు గంటలు.

ముప్పావు గంటకి రెండు లైట్లు మిగిలాయి. ల్యాప్‌టాప్ 48 శాతం. పని ఇంకా గంటన్నర. పక్క టెంట్‌లోంచి గురక వినిపిస్తోంది. ఇంకో పది నిమిషాలు ఉంచితే ఎవరికి తెలుస్తుంది? చెయ్యి కేబుల్ దాకా వెళ్లి ఆగింది. అబద్ధం ఎందుకు, రెండు నిమిషాలు అలాగే కూర్చున్నా. తర్వాత పీకేశా.

స్క్రీన్ వెలుతురు తగ్గించి, అక్కర్లేనివన్నీ మూసేసి టైప్ చేశా. ఫోన్ హాట్‌స్పాట్‌లో ఒకటే గీత. ఫైల్ వెళ్లేసరికి 5 శాతం ఉంది.

తెల్లవారుజామున చెరువులవేనం కొండెక్కాం. కింద లోయంతా పాలు పోసినట్టు మబ్బు. పక్కన అతని కెమెరా టిక్ టిక్‌మంటూ నడుస్తోంది, ఆ రెండు లైట్ల మీదే. టీ అమ్మే ఆవిడ నా కళ్లు చూసి, ‘‘ఏటి బాబూ, రాత్రంతా సెల్లు చూసినావా?’’ అంది.

తిరిగొచ్చాక నేనూ ఒకటి కొన్నా. మీరూ కొంటే ఎంఏహెచ్ ఒక్కటే చూడకండి. పీడీ ఉందా, ఎన్ని వాట్లు, మీ ల్యాప్‌టాప్ టైప్-సీ ద్వారా చార్జింగ్ తీసుకుంటుందా, ఈ మూడూ చూడండి. విమానం ఎక్కేవాళ్లయితే 100 వాట్-అవర్ల లోపుదే తీసుకోండి. దాన్ని చేతి బ్యాగులోనే పెట్టాలి, చెకిన్ లగేజీలో కుదరదు.

కంపెనీ నుంచి ఇంకా ఫోన్ రాలేదు. రాజమండ్రి నుంచి మాత్రం వీడియో వచ్చింది. ఇరవై సెకన్లు. మంచు కదులుతుంటే ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.