వ్రేలిముద్రయు నింటి మఱుగును

ఇంటికి తలుపును, తలుపునకు గడియయు నుండుట దొంగలకొఱకు మాత్రమే కాదు. లోపలివారి కొక మఱుగు కావలయునని మన పెద్ద లెఱుంగుదురు. పెట్టెలో దాచుకొనిన యుత్తరము, వైద్యునితో జెప్పుకొనిన వ్యాధి, కొంగున ముడివేసికొనిన నాలుగు రూపాయలు: ఇవి దోషములు గాకున్నను పదుగురిలో జాటదగినవి కావు. దాచుట కేమియు లేనివారికి భయమేల యని కొందఱందురు. ఏ దోషము నెఱుగనివారును స్నానమునకు తలుపు వేసికొందురు గదా యని మా ప్రత్యుత్తరము.

2010వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీని మహారాష్ట్రమున నందుర్బార్ జిల్లాలోని టెంభ్లీ గ్రామమున తొలి ఆధార్ సంఖ్య లీయబడినవి. పండ్రెండంకెల యీ సంఖ్యకొఱకు పెద్దలయొద్ద పది వ్రేళ్ల ముద్రలును, కనుపాపల చిత్రములును, ముఖచిత్రమును గైకొందురు. ఏ కాగితమును లేని బీదరాలి కిదియొక గుర్తింపైన మాట నిజమే. కాని తాళపుచెవి పోయినచో తాళము మార్చవచ్చును. వ్రేలిముద్ర యొరులపాలైనచో వ్రేలు మార్చుకొన వలనుపడదు.

మా వీథిలో పాచిపని చేసికొని బ్రదుకు వృద్ధురా లొకతె గలదు. ఏండ్ల తరబడి యంట్లు తోమిన యామె వ్రేళ్ల గీతలు చెరిగిపోయినవి. చౌకడిపోలోని యంత్ర మామె నెఱుగననగా, నొకనెల వట్టి సంచితో మరలి వచ్చినది. ఊరెల్ల నెఱిగిన మనిషిని యంత్ర మొక్కటి యెఱుగకున్న, నన్నము మానవలసినది మనిషియా?

కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండి విశ్రమించిన కె. ఎస్. పుట్టస్వామిగారు 2012లో దీనిపై వ్యాజ్యము వేసిరి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24వ తేదీని సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తు లేకగ్రీవముగా దీర్పు చెప్పిరి. 2018 సెప్టెంబరు 26వ తేదీని ఐదుగురిలో నలుగురు ఆధార్ చట్టము చెల్లుననుచునే, బ్యాంకు ఖాతాలకును, సెల్‌ఫోనులకును, పిల్లలను బడిలో జేర్చుటకును దానిని నిర్బంధింపరాదనిరి.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమున నొక సంస్థ 2017లో, సమ్మతించిన యుద్యోగుల చేతులలో బియ్యపుగింజంత చిప్పు నమర్చినది. తలుపు తెఱచుటకును, తినుబండారములు కొనుటకును నది యుపకరించునట. బలవంతముగా నెవరికిని చిప్పు నమర్చరాదని యా రాష్ట్రమే 2006లో శాసించియుండెను. అయినను, జీతమిచ్చు యజమాని యడుగగా వలదనుట యెందఱికి సాధ్యము? బియ్యమునకై వ్రేలు చాచు పేదరాలి సమ్మతియు నట్టిదే.

కావున మనమేమి చేయగలము? అడిగినవారికెల్ల పూర్తి నకలీయక, మొదటి యెనిమిదంకెలు మఱుగుపఱచి చివరి నాలుగే చూపు ప్రతి నీయవచ్చును. వ్రేలిముద్రలకు తాళము వేసికొను వసతియు గలదు. మఱియొక మాట: మనలో ననేకుల ఆధారునకు గూర్చిన ఫోను సంఖ్య భర్తదో, కుమారునిదో యైయున్నది. పేరు మనది, తాళపుచెవి వేఱొకరిది! అది మన చేతనే యుండుట మేలు. ఎవరేమి యడిగినను "ఎందులకు?" అని మర్యాదగా బ్రశ్నించుట మన యాడుబిడ్డలకు నేర్పుదము. అట్లడుగుట గయ్యాళితనము కాదు, గృహిణీధర్మమే.